లాభము లేని లావాదేవీలను ఎప్పుడు ముగింపవలెను?
(పట్టాదారు రైతులకు కరపత్రము)

విత్తనము మొలవని చేనిని రైతు ఎన్నడును అట్లే విడిచిపెట్టడు. మృగశిర కార్తెలో వేసిన ప్రత్తి వానలు ముఖము చాటు చేయుటచేత మొలవకపోయినచో, కాలము మించకముందే ఆ చేనిని దున్ని ఆముదమో, కందియో, జొన్నయో వేయును. ప్రత్తి గింజలకు పెట్టిన రూకలు పోయెనే యని గట్టుమీద కూర్చుండి విచారించుచుండడు. ఆలస్యము చేసినచో రెండవ పంటయు చేజారునని వానికి తెలియును. పొలము విషయమున ఇట్టి వివేకము మన రైతులకు తరతరములుగా కలదు. కాని అదే రైతు, ఏటేట తనకు నష్టము తెచ్చుచున్న ఇచ్చిపుచ్చుకోలును, పొత్తును, ఒప్పందమును పది సంవత్సరములైనను విడువక మోయుచుండుట గ్రామ గ్రామమునను కానవచ్చుచున్నది. చేను ఎండినచో కంటికి కనబడును. లావాదేవి ఎండినచో లెక్క వేసినగాని కనబడదు. ఇందులకు ముఖ్య కారణ మిదియే.

రైతునకు గల ఒప్పందము లనేకములు. పంటపై ముందుగా సొమ్మిచ్చు అడ్తిదారుతో ఒకటి, దాయాదులతో పొత్తు బావి ఒకటి, కౌలుదారుతో ఒకటి, జీతగానితో ఒకటి, పెట్టుబడి పెట్టి పెంచిన తోటతో ఒకటి. తోటతో ఒప్పందమేమని నవ్వవలదు. నీరు పెట్టుదుననియు, ఎరువు వేయుదుననియు రైతు ఏటేట తనకు తానే మాట యిచ్చుకొనుచున్నాడు గదా. వీనిలో అధిక ధనము హరించునది అడ్తిదారుతోడి సంబంధమే కావున ఈ కరపత్రమున దానినిగూర్చియే విస్తరించి చెప్పుచున్నాము. అంతకు ముందు, ఏ లావాదేవిని ముగింపవలెనో ఏది నిలుపుకొనవలెనో నిర్ణయించుటకు ఉపయోగపడు లెక్కను పొలములోని దృష్టాంతములతోనే తెలిపెదము.

పోయిన సొమ్ము, రాబోవు సొమ్ము

తెలంగాణములో అధిక భాగము గట్టి రాతిపై నున్నది. ఇట్టి నేలలో నీరు, పైభాగమున కాలక్రమమున మెత్తబడిన రాతిపొరలోను, దాని క్రింది పగుళ్లలోను మాత్రమే నిలుచును. లోతు పెరిగిన కొలది పగుళ్లు సామాన్యముగా తగ్గుచుండును. ఈ సంగతి బోరు వేయించిన ప్రతి రైతునకు అనుభవమే. అయినను మొదటి బోరు ఎండగా రెండవది, రెండవది ఎండగా మూడవది వేయించి, "ఇంత పెట్టితిమి, ఇప్పు డాపినచో పెట్టినదంతయు మట్టిలో కలియును" అని నాలుగవదానికి అప్పు తెచ్చువారు కలరు. పెట్టినది మట్టిలో కలిసియే యున్నది. మొదటి బోరునకు పెట్టిన సొమ్ము నాలుగవ బోరునకు నీరు తేజాలదు. నాలుగవ బోరు వేయదగునా కాదా అనునది, ఆ బోరునకు కాబోవు ఖర్చును, అందు నీరు పడుటకు గల అవకాశమును, ఆ నీటితో పండింపగల పంటను చూచి మాత్రమే నిర్ణయింపవలెను. పాత బోరులు ఇచ్చునది ఒక్కటే కలదు, అది సమాచారము. ఎంత లోతున గట్టి రాయి తగిలెను, ఎచ్చట తడి పొడి వచ్చెను, పొరుగు పొలమున ఏమి జరిగెను అను సంగతులు సొమ్ము పెట్టి కొన్నవి. వానిని వినియోగించుకొనవలెను. మూడు ఎండు బోరులు ఒకే పొలమున నున్నచో, ఆ సమాచారము నాలుగవదానిని వేయవలదనియే చెప్పుచున్నది. క్రొత్త బోరునకు 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము అనుమతి పొందవలసి యున్నదనియు మరువరాదు.

నల్లగొండ ప్రాంతపు బత్తాయి తోటల విషయమున ఈ లెక్క మరింత సూక్ష్మమైనది. బత్తాయి చెట్టు సామాన్యముగా నాలుగైదు సంవత్సరములకు కాపునకు వచ్చును. ఏడెనిమిదేండ్లకు నిండు కాపు నందుకొని, మంచి పోషణ యున్నచో పదునెనిమిది ఇరువది ఏండ్లవరకు లాభము నిచ్చును. ఆ మీదట వేరుకుళ్లు, ఎండుకొమ్మ తెగుళ్లవలన చెట్లు ఒక్కటొక్కటిగా చనిపోవును. 2015–16 కరువున బావులు, బోరులు ఎండిపోగా ట్యాంకర్లతో నీరు తోలి తోటలను కాపాడిన రైతులు కలరు. అట్లు చేయుట తగునా అని అడిగినచో, అందరికిని ఒకే ఉత్తరము చెప్ప వీలుకాదు.

ఎకరమునకు నీరు తోలుటకు అరువది వేల రూపాయలు అగుననుకొందము. తోట ఎనిమిదేండ్లది, చెట్లు ఆరోగ్యముగా నున్నవి, ఖర్చులు పోగా ఎకరమునకు ఏటికి నలువది వేలు మిగులుననుకొందము. ఆ తోటకు ముందు ఇంకను పది కాపులు కలవు. అరువది వేలు రెండు కాపులలోనే తిరిగి వచ్చును. నీరు తోలుటయే న్యాయము. మరియొక తోట పదునెనిమిదేండ్లది. సగము చెట్లు ఎండినవి. ఏటికి పదునైదు వేలు మిగులును, మూడు కాపులకు మించి ఆశ లేదు. వచ్చునది నలువదియైదు వేలు, పోవునది అరువది వేలు. ఈ తోటను కొట్టివేసి ఆ నేలలో కొన్నాళ్లు పప్పు ధాన్యములు వేయుట మేలు. రెండు తోటలకు తోలు నీటి ఖర్చు ఒక్కటే, ఉత్తరములు మాత్రము విరుద్ధములు. ఈ రెండు లెక్కలలోను మొక్కలు నాటిన ఖర్చును చేర్చలేదని గమనింపుడు. తాత నాటిన తోటయను అభిమానమును కూడ చేర్చలేదు. అభిమానము మంచిదే కాని దానికి నీరు తోలుటకు అప్పు చేయరాదు.

ఇందుండియే మరియొక సంగతి తేలుచున్నది. నాలుగవయేట కాపు రాని తోట నష్టపు తోట కాదు. అది ఫలించుటకు కాలము కావలసినది. ఒక్క యేడు వాన తప్పి నష్టము వచ్చినంత మాత్రమున కౌలుదారుని మార్చుట, పొత్తు విడుచుట, తోట నరుకుట తొందరపాటు. ఫలకాలము రాని దానిని, ఫలకాలము గడచినదానిని వేరుపరచి చూడవలెను.

అడ్తిదారుతోడి సంబంధము

పంట చేతికి రాకమునుపే సొమ్మిచ్చి, పంటను తన దుకాణమునకే తేవలెనని కట్టడి చేయు పద్ధతి మన దేశమున ప్రాచీనమైనది. నిజాము రాష్ట్రమునందు 1930వ సంవత్సరమున వ్యవసాయ మార్కెట్ల చట్టము చేయబడుటకు, తూకములలోని మోసములును, రైతు సరకుపై విధించుచుండిన నానావిధములైన కోతలును ముఖ్య కారణములు. ఆ తరువాత 1349 ఫసలీలో, అనగా 1939–40 ప్రాంతమున, వడ్డీ వ్యాపారులపై చట్టము వచ్చెను. చట్టములు వచ్చినను సంబంధము పోలేదు. వడ్లకు నేడు గ్రామములందే కొనుగోలు కేంద్రములు ఏర్పడి మద్దతు ధర సొమ్ము రైతు ఖాతాలోనికే చేరుచున్నందున, వడ్లు పండించువాడు అడ్తిదారునిపై ఆధారపడవలసిన అవసరము తగ్గినది. మిరప, పసుపు వంటి పంటలలో మాత్రము ఈ కట్టడి ఇంకను బలముగా నున్నది.

రైతు ఈ అప్పునుగూర్చి చెప్పునపుడు "రెండు రూపాయల వడ్డీ" అని చెప్పును. నూటికి నెలకు రెండు రూపాయలని అర్థము. ఆ మాట నిజమే కాని అది లెక్కలో మూడవ వంతు కూడ కాకపోవచ్చును. ఒక ఉదాహరణము తీసికొందము. ఇది ఎవరి చిట్టాయు కాదు, లెక్క తెలియుటకై కల్పించినది. రైతులు తమ తమ అంకెలను ఇందు నిలిపి చూచుకొనవలెను.

రెండెకరముల మిరపకు రైతు ఒక అడ్తిదారునియొద్ద లక్ష రూపాయలు తీసికొనెను. అందు అరువది వేలు నగదు. నలువది వేలు అతని దుకాణము నుండియో, అతడు చూపిన దుకాణము నుండియో తెచ్చిన విత్తనములు, ఎరువులు, పురుగు మందులు. నగదిచ్చి కొన్నచో ఆ సరకు ముప్పదియారు వేలకే వచ్చియుండెడిది. కావున రైతునకు వాస్తవముగా ముట్టినది తొంబదియారు వేలు, నాలుగు వేలు మొదటి దినముననే పోయినవి. ఎనిమిది నెలలకు లక్షపై రెండు రూపాయల చొప్పున వడ్డీ పదునారు వేలు.

పంట నలువది క్వింటాళ్లు వచ్చెను. నలువది కిలోల బస్తాలు నూరు. కాంటా వద్ద తరుగని బస్తాకు ఒక కిలో తీసిరి. నూరు బస్తాలకు ఒక క్వింటాలు. ఆ దినమున మార్కెటులో అట్టి కాయ ధర పండ్రెండు వేలు. కనుక తరుగు క్రింద పండ్రెండు వేలు పోయెను. మిగిలిన ముప్పదితొమ్మిది క్వింటాళ్లకు ధర కట్టునపుడు, కాయ తాలు కలిసినదనియో, తడి యున్నదనియో చెప్పి క్వింటాలునకు ఐదు వందలు తగ్గించిరి. అప్పు లేని రైతైనచో సరకును మరియొక దుకాణమునకు తీసికొని పోవును. అప్పున్న రైతు తల యూపును. ఇట్లు పోయినది పందొమ్మిది వేల ఐదు వందలు.

అన్నియు కూడగా నాలుగు వేలు, పదునారు వేలు, పండ్రెండు వేలు, పందొమ్మిది వేల ఐదు వందలు, వెరసి ఏబదియొక వేల ఐదు వందల రూపాయలు. తొంబదియారు వేలను ఎనిమిది నెలలు వాడుకొన్నందులకు రైతు చెల్లించిన కూలి యిది. నెలకు నూటికి రెండు రూపాయలు కాదు, ఆరు రూపాయల డెబ్బది పైసలు. కమీషను, హమాలీ ఖర్చులను ఇందు చేర్చలేదు. అవి ఎచ్చట అమ్మినను ఏదో రూపమున తప్పవు.

ఇదే తొంబదియారు వేలు బ్యాంకు పంటరుణముగా దొరకినచో, ఏటికి నూటికి ఏడు చొప్పున ఎనిమిది నెలలకు నాలుగు వేల నాలుగు వందల ఎనుబది రూపాయలు మాత్రమే వడ్డీ. మూడు లక్షల లోపు పంటరుణమును గడువులోపల చెల్లించువారికి ఆ వడ్డీ నాలుగు శాతమునకు దిగును. ఐతే బ్యాంకు సొమ్ము కోరిన దినమున రాదు. పత్రములు కావలెను. పాత బకాయి యున్నచో క్రొత్త అప్పు పుట్టదు. కౌలుదారునకు అసలే కష్టము. కాని పట్టాయు పాసు పుస్తకమును గల రైతు, కొంత తిరుగుట కష్టమని ఏబది వేలు పోగొట్టుకొనుట తగదు.

న్యాయముగా రెండవ ప్రక్కను కూడ చెప్పవలెను. అర్ధరాత్రమున ఇంటిలో ఒకరికి ప్రాణముమీదికి వచ్చినపుడు తలుపు తట్టినచో లేచి సొమ్మిచ్చువాడు గ్రామపు సాహుకారే గాని బ్యాంకు అధికారి కాడు. పంట పోయిన యేట పొలము వేలమునకు పెట్టక ఆగినవారును కలరు. ఈ ఉపకారమునకు విలువ కలదు, దానికి కొంత ఎక్కువ వడ్డీ చెల్లించుట అన్యాయమనజాలము. ప్రశ్న ఏమనగా, ఆ ఉపకారమునకు ఎంత చెల్లించుచున్నాము? ఏటికి ఐదు వేలైనచో సంతోషముగా చెల్లింపవచ్చును. ఏబది వేలైనచో, అది ఆపద్బాంధవ్యము కాదు.

ముగింపదగినదని తెలిసికొనుట ఎట్లు?

ముందుగా మూడు సంవత్సరముల చిట్టా తీయవలెను. ఒక్క సంవత్సరపు లెక్క చాలదు, వానలును ధరలును ఒక యేడు దాగిలిమూత లాడును. మూడేండ్లలో కనీసము ఒక్క మంచి పంట వచ్చియున్నను అసలు తగ్గలేదా? లేక పెరిగినదా? మంచి పంట వచ్చిన యేడును అప్పును దింపజాలనిచో, ఏ యేడును దింపజాలదు. ఇంతకంటె స్పష్టమైన గురుతు లేదు.

రెండవది, లెక్క అడిగినపుడు అవతలివాని నడవడి. "ఏల నయ్యా, నమ్మకము లేదా?" అని నొచ్చుకొనువాడు ఉండవచ్చును. నొచ్చుకొనియైనను చిట్టా విప్పి చూపినచో వాడు వ్యాపారి. నాలుగు సారులు అడిగినను చూపక మాట తప్పించువానితో ఒక్క దినమైనను ఎక్కువ ఉండరాదు. అమ్మకపు తక్‌పట్టీ ఇయ్యక "నీ పేర జమ కట్టితిని" అని నోటిమాటతో సరిపెట్టువాడును ఇట్టివాడే.

ఇక మూడవ ప్రశ్న తనకు తాను వేసికొనవలసినది. ఈ దినమున నాకు ఇతనితో ఏ బాకీయు, ఏ బంధమును లేదనుకొందును. ఇవే షరతులమీద రేపు క్రొత్తగా ఇతనివద్దకు పోవుదునా? పోనని మనస్సు చెప్పినచో, ఇప్పుడు నిలిపియుంచుచున్నది లాభము కాదు, అలవాటును భయమును మాత్రమే.

ధరలో ఎంత కోత పడుచున్నదో తెలిసికొనుట పూర్వము కష్టముగా నుండెడిది. 2016 నుండి నిజామాబాదు మొదలగు మార్కెట్లు ఈ-నామ్ అను ఏర్పాటులో చేరినవి. నిజామాబాదున పసుపు ధరను ఆ దినముననే చరవాణిలో చూచుకొనవచ్చును. సరకు అమ్మిన ప్రతి దినమును ఆనాటి మార్కెటు ధరను, తనకు కట్టిన ధరను ప్రక్కప్రక్కన ఒక పుస్తకమున వ్రాసియుంచినచో, సంవత్సరాంతమున వాదము లేకుండ సత్యము తేలును. వ్రాయుట రాని పెద్దలు బడికి పోవు మనుమనిచేత వ్రాయింపవచ్చును.

విడువలేకపోవుటకు కారణములు

లెక్క తేలిన తరువాత కూడ పలువురు విడువరు. "కూతురి పెండ్లికి ఆదుకొన్నాడు" అందురు. ఆదుకొన్న సొమ్ము వడ్డీతోసహా పదేండ్లక్రిందటనే తీరియుండును. కృతజ్ఞత ఉంచుకొనవలెను. అతని యింట శుభకార్యమైనచో ముందుగా పోవలెను. కాని కృతజ్ఞతకు మిరపకాయల తూకముతో సంబంధము లేదు.

కొందరు "ఈ సారి ధర వచ్చును, అంతయు ఒక్కమారుగా తీర్చి బయట పడెదము" అందురు. బోరు వేయువాడు చెప్పు మాటయు ఇదియే. ధర వచ్చిన యేడు కూడ పైలెక్కలోని కోతలు అట్లే యుండును. ధర పెరిగిన కొలది తరుగు క్రింద పోవునదియు పెరుగును.

అన్నిటికంటె బలమైనది భయము. ఇతనిని విడిచినచో వచ్చే యేడు ఎవ్వడును అప్పియ్యడేమో అను భయము ఊరకనే పుట్టినది కాదు. ఒకే ఊరి వ్యాపారులు ఒకరి మాట ఒకరు వినుట కలదు. అందుచేతనే ముగించుటకు సమయమును, క్రమమును పాటింపవలెనని చెప్పుచున్నాము.

ముగించు సమయము, విధము

రైతునకు కోపము వచ్చునది పంట చెడిన యేడు. చేత పైకము లేని ఆ యేడు తగవుపడి లేచిపోయినవాడు, మృగశిర వచ్చునప్పటికి ఇంతకంటె కఠినుడైన మరియొకనివద్ద చేయి చాచును. పంట బాగుగా వచ్చి ధర పలికిన యేట అందరి మనస్సులును తీయగా నుండును, ఎవ్వరికిని లెక్క అడుగ బుద్ధి పుట్టదు. ముగింపవలసిన యేడు అదియే. చేతనున్న సొమ్ముతో ముందుగా అడ్తిదారు అసలును దింపి, తరువాతనే ఇంటి కప్పు, ట్రాక్టరు, పెండ్లి తలపెట్టవలెను. ఈ వరుస తారుమారైనందుననే పెక్కు కుటుంబములు మంచి పంటను చూచియు బయటపడలేదు.

సంవత్సరమున తగిన కాలము, పంట అమ్మకము ముగిసినది మొదలు రోహిణి కార్తె వరకు. విత్తు కాలమున ముగింపు మాట ఎత్తరాదు. ఆ వేళ అవసరము రైతుది, బలము అవతలివానిది.

ఒక్కమారుగా తెంపుట సాధ్యము కానిచో రెండేండ్లలో ముగింపవచ్చును. మొదటి యేడు విత్తనములు, మందులు మాత్రము నగదుతో వేరుచోట కొనవలెను. సగము పంటను వేరు దుకాణమున అమ్మి, ఆ సొమ్మును తెచ్చి ఇతని బాకీకే జమ కట్టింపవలెను. సొమ్ము తనకే చేరుచున్నందున తగవునకు తావు తక్కువ. పైగా రెండు దుకాణముల తూకములును, ధరలును పోల్చిచూచుటకు ఇంతకు మించిన ఉపాయము లేదు. ఈ మధ్యకాలముననే బ్యాంకుతోనో, సహకార సంఘముతోనో పాత బకాయి సరిచేసికొని పంటరుణమునకు దారి చేసికొనవలెను.

ప్రోనోటు విషయమున మిక్కిలి జాగరూకత వహింపవలెను. కోరినపుడు చెల్లింపవలసిన ప్రోనోటునకు, వ్రాసిన తేదీనుండి మూడు సంవత్సరములలోపల దావా వేయవలెనని 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము విధించుచున్నది. ఆ గడువు తీరకమునుపు రైతు బాకీని ఒప్పుకొనుచు సంతకము చేసినను, కొంత చెల్లించి నోటు వెనుక సంతకము చేసినను, ఆనాటినుండి మరల మూడేండ్లు లెక్కింపబడును. మూడవయేట "ఒక్క సంతకము" అని పిలుచుటకు కారణ మిది. ఆ పిలుపు వచ్చినపుడే లెక్క అడుగుటకు రైతునకు మంచి సమయము. అసలెంత, వడ్డీ యెంత, ముట్టినదెంత అని తేల్చకుండ, వడ్డీని అసలులో కలిపి తిరుగవ్రాసిన నోటుపై సంతకము చేయరాదు. ఐతే, గడువు దాటించి నిజమైన బాకీని ఎగవేయవచ్చునని ఈ మాట చెప్పుటలేదు. తీసికొన్నది తీర్చవలసినదే. తీసికొననిది తీర్చనక్కరలేదు.

బాకీ తీరిన దినమున ప్రోనోటును తిరిగి తీసికొనవలెను. దానిపై "పూర్తిగా ముట్టినది" అని ఇచ్చినవానిచేత వ్రాయించి, తేదీ వేయించి, సంతకము పెట్టింపవలెను. హామీగా ఇచ్చిన పట్టాదారు పాసు పుస్తకము, ఖాళీ చెక్కులు, ఖాళీ కాగితములపై చేసిన సంతకములు, బంగారము ఏవియున్నను అదే దినమున అడిగి తెచ్చుకొనవలెను. "రేపు వెదకి పంపెదను" అనిన యెడల, రేపటివరకు చివరి వాయిదా సొమ్మును చేతనే యుంచుకొనుట మేలు. ఇద్దరు పెద్దమనుష్యుల యెదుట ఈ పని జరుగుట ఉభయులకు గౌరవము. పరుషమైన మాట ఒక్కటియు ఆడనక్కరలేదు. ఒకే ఊరిలో నుండవలసినవారము, మరియు అదే వ్యాపారికి రేపు నగదు ధరకు సరకు అమ్మవలసి రావచ్చును. బాకీ లేని రైతుతో అదే వ్యాపారి మాటాడు తీరు వేరుగా నుండుట చూచెదరు.

రైతే అవతలి ప్రక్కన నున్నపుడు

పట్టాదారు రైతు సాహుకారునకు బాకీదారుడు. జీతగానికి, కౌలుదారునకు అతడే సాహుకారు. తన మెడనున్న త్రాటిని గుర్తించినవాడు, తన చేతనున్న త్రాటిని కూడ చూడవలెను. పూర్వము ముందుగా ఇచ్చిన బాకీక్రింద ఒక మనుష్యుని ఏండ్లతరబడి, ఒక్కొక్కప్పుడు వాని కొడుకును కూడ, పనిలో నుంచుకొను భగేలా పద్ధతి నిజాము రాష్ట్రమున నుండెను. దానిని అదుపు చేయుటకు 1936లో భగేలా ఒప్పందముల నిబంధన చేయబడినను అది పెద్దగా ఫలింపలేదు. 1976వ సంవత్సరపు చట్టము వెట్టిని సంపూర్ణముగా రద్దు చేసి, అట్టి బాకీలు చెల్లవని శాసించినది. కావున బాకీ చూపి జీతగానిని పోనీయకుండుట నేరము, శిక్షార్హము. అది యట్లుండగా, మనస్సు లేని మనుష్యునిచేత చేయించిన సేద్యమున లాభము గనినవాడు లేడు. ఉగాదినాడు జీతపు లెక్క తేల్చి, ఉండునో పోవునో వానినే అడుగుట ఉత్తమము.

కౌలు విషయమునను ఇట్లే. పంట పోయిన యేడు కౌలు వసూలు చేయజాలక బాకీ వ్రాసి, మరుసటియేడు దానికి వడ్డీ కట్టి, మూడవయేడు కౌలుదారుడు రాత్రికి రాత్రి ఊరు విడిచిన తరువాత విచారించు పట్టాదారులు కలరు. చెల్లింపజాలని కౌలు బాకీ కాగితముమీద పెరుగునే గాని చేతికి రాదు. కౌలు తగ్గించుటయో, పాలునకు మార్చుటయో, లేక మర్యాదగా ముగించుటయో ఆ వేసవిలోనే తేల్చుకొనవలెను.

పొత్తు బావుల సంగతి క్లుప్తము. మోటారు మరమ్మతులకు ఒక్కడే పెట్టుచు, నీటికి నలుగురు వచ్చుచున్నచో, వంతులను, ఖర్చులను కాగితముపై వ్రాసికొనవలెను. వ్రాయుటకు ఒప్పనివారితో పొత్తు అప్పటికే ముగిసినదని గ్రహింపవలెను.

తుదకొక జాగ్రత్త. తీరిన ప్రోనోటులను, తక్‌పట్టీలను, చెల్లింపు రసీదులను చింపివేయక పాసు పుస్తకముతోబాటు ఒకే పెట్టెలో భద్రపరుపవలెను. ఎవరికెంత ఇయ్యవలెనో, ఎవరి బాకీ తీరినదో భార్యకును, ఎదిగిన బిడ్డలకును ఏటికొకసారి చదివి వినిపింపవలెను. ఇంటి యజమాని హఠాత్తుగా మరణించిన తరువాత, ఎన్నడో తీరిన బాకీకి పాత కాగితము పట్టుకొని వాకిటికి వచ్చినవానికి ఏమి బదులు చెప్పవలెనో తెలియక పొలము వ్రాసియిచ్చిన కుటుంబములు కలవు. ఆ పెట్టె ఎచ్చట నున్నదో ఇంటిలో ఇద్దరికైనను తెలిసియుండవలెను.